గోడకు అవతల

పసిఫిక్ సముద్రంలోని ఫునాఫుటి దీవిలో, ఇంటి ముందే ఉన్న చెల్లెలి సమాధి మీద అలలు వదిలిన ఇసుకను ఆమె తుడుస్తోంది. చమురు కంపెనీలో పనిచేసే ఆ చెల్లెలి కొడుకు విమానం దిగి నేరుగా వచ్చాడు.

"పెద్దమ్మా, మా కంపెనీ మీద కోర్టులో సాక్ష్యం చెప్పనని ఒక్క మాట అను. కంపెనీ సముద్రానికి అడ్డంగా గోడ కట్టిస్తుంది."

"మీ చమురు వల్లే సముద్రం పైకొస్తుందని మీవాళ్లకి ముందే తెలుసంటగా?"

"తెలుసు. ఇప్పుడదెందుకు? ఇల్లు మునిగిపోతోంది, నీ కాళ్లు పట్టుకుంటా."

"గోడ ఎక్కడొస్తుంది?"

"గుమ్మం ముందు."

"మరి మీ అమ్మ?"

"అవతల."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"సరే, చెప్పనులే. ఇంట్లో పిల్లలు పడుకోవడానికి పొడి నేల కావాలిగా. రోజూ పొద్దున్నే మీ అమ్మతో మాట్లాడేది నేనే. ఈ ఒక్క మాట మాత్రం నువ్వే చెప్పు."