తొమ్మిదో నంబరు బూట్లు

సాయంత్రం డ్యూటీ దిగి కుంటుకుంటూ వచ్చిన కోడల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, రిటైరైన పోస్ట్‌మాన్ గోరువెచ్చని నీళ్ళ బేసిన్ ముందు చతికిలబడ్డాడు.

“అయ్యో, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి మామయ్యా!”

“నేను పట్టుకున్నది బొబ్బనమ్మా. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి, దీనితో నాకు పాత చుట్టరికం.”

“సూదితో పొడిచేస్తే పోతుంది కదా?”

“పొడిచావంటే చీము పడుతుంది. పైతోలు అలాగే ఉండనిచ్చి, కడిగి, మెత్తగా కట్టు కడదాం. అసలు మడమ మీద ఇంత బొబ్బ ఎలా లేచింది? ఆ బూట్లు ఇటివ్వు.”

“వద్దులెండి.”

“ఇవి మావాడివి! తొమ్మిదో నంబరు. ముందు కాగితాలు కుక్కి తొడుక్కుంటున్నావా? వాడు పోయాక వాడి ఉద్యోగం నీకిచ్చారు గానీ, వాడి పాదాలు ఇవ్వలేదు కదమ్మా.”

“కుక్కల కోసం మామయ్యా.”

“ఏ కుక్కలు?”

“ఆయన ఉత్తరాలు పంచిన వీధుల్లోవి. మొదటిరోజు నా చెప్పులతో వెళ్తే మీద పడ్డాయి. ఇవి వేసుకుంటే వాసన చూసి తోక ఊపుతున్నాయి. వీధి చివరిదాకా నా వెంటే వస్తున్నాయి.”

ముసలాయన తుడిచిన మడమనే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

“రేపు నీ కాలికి సరిపోయేవి కొందాం.”

“మళ్ళీ మీద పడతాయేమో.”

“పడవులే. నా కాలూ తొమ్మిదో నంబరే. నీ వాసన వాటికి అలవాటయ్యేదాకా, ఇవి తొడుక్కుని నేను నీ పక్కన నడుస్తా.”