టైలర్ గుమ్మం

తల దించుకుంటే అయిపోయిందా? సిగ్గు మెడలో ఉంటే చాలదురా తమ్ముడూ, నాలుక మీద ఉండాలి. నీకు అక్కడ మాత్రం లేదు.

ఆ కత్తెర పక్కన పెట్టి అక్క మాట విను. సెలూన్‌లో ఈగ కూడా లేదు, ఎవరి జుట్టు కత్తిరిస్తావు?

మూడు నెలల క్రితం వీధి వీధంతా కలిసి నిన్నెందుకు పంపింది మున్సిపాలిటీ సభకి? నీ అందం చూసా? కుళాయిలో మురుగు నీళ్లు వస్తున్నాయని చెప్పడానికి. ఆ నీళ్లు తాగి ఆసుపత్రిలో పడింది ఎవరి కూతురు? నీదే కదా! కన్నతండ్రి నోటితో చెబితే వాళ్ల మనసు కరుగుతుందనుకున్నాం. పైగా పొద్దస్తమానం వాగే నోరు, మైకు ముందు తడబడదని మా ధీమా.

తడబడలేదులే. అది నిజం.

ఒక వీధికి ఒకే ఫిర్యాదు, ఒకే మనిషి, మూడు నిమిషాలు. గుమాస్తా ముందే చెప్పాడా లేదా? నువ్వేం చేశావు? "అయ్యా, మా వీధిలో ఒక సమస్య" అని మొదలుపెట్టావు. ముందు వరసలో నీ ఎదురు దుకాణం టైలర్ కనిపించాడు. అంతే! అతని దుకాణం మెట్లు వీధిలోకి రెండడుగులు వచ్చాయని అందుకున్నావు. మెట్లు, మెట్ల మీద కూర్చునేవాళ్లు, వాళ్ల బళ్లు... నీళ్ల మాట నోట్లో ఉండగానే గంట కొట్టేశారు.

ఎందుకట అంత పగ? చొక్కా బిగుతైందని నువ్వంటే, "కొలత సరిగ్గానే ఉంది, మనిషే పెరిగాడు" అని నలుగురిలో అన్నాడనా? అన్నాడు. ఉన్నమాటే అన్నాడు.

మున్సిపాలిటీ వాళ్లని మాత్రం ఏమీ అనకూడదు బాబూ. ఏడాదిగా కుళాయి వంక చూడనివాళ్లు, మెట్లనగానే నాలుగో రోజుకి టేపు పట్టుకుని దిగారు. ఎంత ధర్మాత్ములో! ఒక వైపే కొలిస్తే అన్యాయమని రెండు వైపులా కొలిచారు. అతని మెట్లు రెండడుగులు. నీ సెలూన్ ముందు గట్టు? మూడున్నర! గురివింద గింజకి తన నలుపు టేపు పెడితే గానీ తెలియలేదు. అతని మెట్లు పోయాయి. నీ గట్టు పోయింది, పైన రేకు పోయింది, పెద్ద అద్దం పగిలింది. ఆనక "ఈ వీధి ఫిర్యాదు పరిష్కారమైంది" అని కాగితం కూడా పంపారు. ఇక వచ్చే సభ దాకా నోరెత్తడానికి లేదు.

రెండు వీధుల అవతల నుంచి బిందెలు మోశాం. మరదలు పిల్లని తీసుకుని పుట్టింటికి పోయింది. ఆ కంపు నీళ్లు మొహానికి తగులుతాయని నీ దగ్గర గడ్డం గీయించుకునేవాడు లేడు.

రేపే సభ. ఈసారి వీధి టైలర్‌ని పంపుతోంది. అలా చూస్తావేం? అవును, అతన్నే. మెట్ల ఊసెత్తను, నీళ్ల సంగతే మాట్లాడతానన్నాడు. పిల్ల ఆసుపత్రి చీటీ ఒక్కటి కావాలట, చూపిస్తే గానీ వాళ్లు నమ్మరని.

నాకివ్వకు. నువ్వే తీసుకెళ్లు. నువ్వే తేవాలని అతను అడగలేదు, ఆ షరతు నాది.

ఇంకోటి కూడా చెప్పాలి. లోకానికి నీతులు చెప్పేదాన్ని, దాచుకోకూడదు. ఆ రోజు నువ్వు మెట్ల గురించి దంచుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ బళ్లు నా వాకిట్లోనూ పెడుతున్నారని నాకూ కడుపుమంట. గంట కొట్టాక గానీ పిల్ల గుర్తు రాలేదురా.

సరే, లే. తీశావా చీటీ? పద.

మెట్లు లేవు కదా, ఆ గుమ్మం ఇప్పుడు మోకాలికి పైన ఉంది. వచ్చిన ప్రతివాడికీ అతనే లోపలి నుంచి చెయ్యి అందించి లాగుతున్నాడు. నీకూ అందిస్తాడు.

పట్టుకోవాలి.