ఊది చూపించిన హార్మోను

...ఖాళీ ట్యూబు అంటగట్టి, పైగా దర్జాగా మా లేబుకొచ్చి నా ఎదురుగా నిలబడ్డావు చూడు, మీ కంపెనీ ధైర్యానికి దండం పెట్టాలయ్యా. కూర్చో, కూర్చో. చెమట తుడుచుకో. ఇక్కడ చల్లదనమంతా ఫ్రీజర్లకే, మనుషులకి మిగలదు.

అసలు నేనెవరో చెప్పే పంపించారా నిన్ను? మగవాడి సంతానశక్తి మీద ఎవడు నోరు విప్పాలన్నా ముందు నా వైపు చూసి విప్పుతాడు. సభల్లో నేను దగ్గినా రాసుకుంటారు.

ఇంతకీ మీరమ్మేదేమిటి? తల్లి కడుపులో ఉన్న మగబిడ్డకి వృషణాలు పొట్టలోంచి కిందికి దిగడానికి దారి చూపించే హార్మోను. మనిషి జన్యువుని సూక్ష్మజీవిలో పెట్టి, దానిచేత వండించి, ఎండబెట్టి, వేలెడంత ట్యూబులో పెట్టి పంపుతారు. కంటికి కనపడని పురుగు మగతనం తయారుచేస్తుంటే, మా ఆవిడ దగ్గర మగాణ్ణని చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు. సరే, అది వేరే గోడు.

మొన్న ట్యూబు వచ్చింది. మా పరిశోధక అమ్మాయి, పిచ్చుక అంటాం, తెరవబోయింది. "ఉండమ్మా" అన్నాను. ఇలాంటివి తెరవడానికో ఠీవి ఉండాలి. లేబు మొత్తాన్ని పిలిచాను. ఒక్క మెలి తిప్పి బొటనవేలితో మీటితే, మూత గది ఈ చివర్నించి ఆ చివరికి ఎగిరి, కిటికీ దాటి, కింద కార్ల మధ్య పడింది. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నారు మావాళ్ళు.

లోపలేముంది? నా బట్టతలలాగా నున్నగా ఉంది. బోర్లించాను, బల్లకేసి కొట్టాను, ఎవరికీ అనుమానం మిగలకుండా నోటితో ఉఫ్ఫుమని ఊది మరీ చూపించాను. "గాలి అమ్ముతున్నార్రా, గాలి" అన్నాను. చప్పట్లే చప్పట్లు. ఆ ఊపులోనే మీ పెద్దాయనకి ఫోన్ చేసి, ఆ ట్యూబు నింపినవాళ్ళని సాగనంపితేగాని మా గడప తొక్కొద్దన్నాను. ఆయన "అలాగే సార్, అలాగే సార్" అన్నాడు. నా మాటంటే అట్లా ఉంటుంది మరి.

ఏమిటీ? తెరిచేముందు తిప్పానా?

సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పాలా... ఎండిన పొర కంటికి ఆనదు, దారిలో కుదుపులకి మూతకి అంటుకుంటుంది, తిప్పితే అడుక్కి దిగుతుంది. అవునయ్యా, తాతకు దగ్గులు నేర్పుతావా? ఆ పాఠం పిల్లలకి చెప్పిందే నేను. పిచ్చుక కూడా "సార్, ఒకసారి తిప్పి..." అని ఏదో కిచకిచలాడింది. నాటకం రసపట్టులో ఉండగా అవన్నీ ఎవడికి వినపడతాయి?

అంటే, మూతకి అంటుకున్నది కిటికీలోంచి పోయింది. అడుగున మిగిలింది నా ఊపిరితో పోయింది. అంతేగా నువ్వనేది? ఎంత మర్యాదగా తిట్టావయ్యా.

ఈ ముక్క ఫోన్లో చెప్పొచ్చుగా. ఏమిటీ, కంపెనీ పంపలేదా? సెలవు పెట్టుకుని, చొక్కా నలిగిపోయేలా బస్సులో పడి రావడమెందుకు?

తీసేశారా? ఎవర్ని?

ట్యూబులు నింపే ఆవిడనా. నా మాట మీదే?

కోపంలో లక్ష అంటామయ్యా. నా మాటని ఇంతగా పట్టించుకున్నవాళ్ళు, ఇంట్లో మా ఆవిడతో సహా, ఇన్నాళ్ళూ ఒక్కరూ లేరు. చివరికి మీ పెద్దాయనే దొరికాడా?

ఆవిడ నీకేమవుతుంది, ఇందాకట్నించీ నేల చూపులు చూస్తున్నావు?

మీ వదినా?

ఊఁ. ముందు కాసిని నీళ్ళు తాగు.

ఆ ఫోన్ ఇటివ్వు. కాదు, ఆగు. చాటుగా చెబితే నేనేదో దయతలిచానని మీ పెద్దాయన అనుకుంటాడు. మావాళ్ళేమో ఆవిణ్ణి దొంగ అనుకుంటూనే ఉంటారు. అమ్మా పిచ్చుకా, అందర్నీ పిలువు. మొన్న చప్పట్లు కొట్టిన ప్రతివాడూ రావాలి. పెద్దాయన్ని స్పీకర్లో పెట్టు. ట్యూబులో సరుకు నిక్షేపంలా వచ్చింది, నేనే ఊదేశాను అని చెబుతాను.

ఏం పోతుందిలే, పరువేగా. మీ హార్మోను చేసే పనీ అదేగదయ్యా, పైన ఇరుక్కుపోయినదాన్ని కిందికి దింపడం. ప్రయోగానికని మా కణాల మీద వెయ్యకముందే నామీద పనిచేసింది.

మూత కిటికీ దాటిన సంగతి మాత్రం నిజం. అది వెనక్కి తీసుకోను.