కేసముద్రం ప్లాట్‌ఫారం మీది పాట

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది. కేసముద్రం దగ్గరి తండాలో ఒక ఇంటి ముందు ముగ్గురు కూర్చున్నారు: ఆ ఇంటి సోమ్లీ, ఆమె మరిది హరిలాల్, జనగామలో ఇంటర్నెట్ రేడియో నడిపే జగపతి.

“మల్లొకసారి పెట్టమంటవా, సోమ్లక్కా? ఫోన్ల సప్పుడు తక్కువున్నట్టుంది.”

“వద్దు సారు. ఇన్న.”

“నీ గొంతే కదా?”

“నా గొంతే.”

“మా వదినె గంతే సారు, ఎక్కువ మాట్లాడది. నువ్వు రికార్డు చేస్కో.”

“ఆగు హరిలాలన్నా. నువ్వు గొంతు గుర్తువట్టి ఫోన్ చెయ్యకపోతె, గిది ఎవరి పాటో నాకు తెల్వకనే పోవు. అక్కా, గిది మామూలు రేడియో కాదు. నెట్‌ల వస్తది. రూంల ఒక కంప్యూటర్ పెట్టి నేను, నా దోస్తు నడిపిస్తున్నం. దుబాయిల ఇంటరు, బొంబాయిల ఇంటరు. మొన్న భూపాలపల్లి బొగ్గు బాయి కార్మికులు సమ్మె డేరాల మైకుకు వెట్టి ఇన్నరంట.”

“ఇననీకె పైసలియ్యాల్నా?”

“అస్సలొద్దు. ఫుకట్. ఎవ్వరన్న ఇనొచ్చు.”

“మంచిదే.”

“అందరు నీ పాటనే అడుగుతున్నరు. రోజూ వెయ్యాల్సిందే. అందుకే ఇంకో పాట కోసం వచ్చిన. జర ఈ లంబాడి పాట అర్థం గూడ నువ్వే చెప్తే, పాటకు ముందు చదువుత.”

“అర్థం నేను చెప్పిన గద సారు! యాడీ అంటె తల్లి. తెలంగాణ తల్లీ, లే, అని.”

“నువ్వు చెప్పినవే. అట్లనే చదువుతున్న. అక్క నోట ఇందామని.”

“వదినెకు పనుంది సారు. పత్తి ఏరవోవాలె.”

“పనేం లేదు, హరీ. సారు గంత దూరంకెల్లి వచ్చిండు.”

“వదినె, ఇప్పుడెందుకు…”

“యాడీ అంటె తల్లే సారు. నా బిడ్డను గూడ నేను యాడీ అనే పిలుస్తుంటి. లాలి దాని పేరు.”

“పిలుస్తుంటివి అంటె?”

“పాటల ఏముందంటె, పొద్దెక్కింది యాడీ, లే. మేకలు పోయినయి, నీ తోటి పోరగాండ్లు పోయిండ్రు, నువ్వొక్కదానివే పన్నవు, లే. గంతే ఉంది. మా దిక్కు మనిషి పోతె గిట్లనే ఏడుస్తం.”

“హరిలాలన్నా… ఏందిది?”

“నన్నేం అడుగుతవు సారు.”

“అక్కా, రైల్ రోకో దినం నేను టేషన్లనే ఉన్న. ప్లాట్‌ఫారం మీద ఆడోళ్ల ఎనుక నిలవడి సెల్‌ల రికార్డు చేసిన. నీ ఒళ్లె పాప ఉండె.”

“అవు.”

“కొంగు కప్పి ఉండె. నిద్రవోయింది అనుకున్న.”

“అందరు గట్లనే అనుకున్నరు. ఓ అవ్వ నీళ్లు గూడ ఇచ్చింది, లేస్తె తాపు అని.”

“నువ్వు రైల్ రోకోకు రాలేదా మరి?”

“ముందు దినం వచ్చి జెండ వట్టిన. గా దినం బిడ్డకు జరం. వరంగల్ దవాఖానకు కొంచవోతున్న. రైళ్లు బంద్, ఆటోలు బంద్. ఒక్కటన్న ఇడుస్తరేమో అని కూసున్న.”

“ఎవ్వరికన్న చెప్పకపోతివి అక్కా! మేమే బండి చూస్తుంటిమి గదా!”

“చెప్పిన. డప్పుల సప్పుడు. ఎవ్వరికి ఇనబడలె.”

“సప్పట్లు కొట్టిన నేను. పాట అయిపోయినంక సప్పట్లు కొట్టిన.”

“ఇనబడ్డయి.”

“తీసేస్త అక్కా. జనగామ వోంగనె తీసేస్త. ఇంక ఎవ్వరు ఇనరు.”

“తీసెయ్యకు సారు! గందుకే నీకు చెప్పలె నేను. లాలి నాయిన, మా అన్న మాన్‌సింగ్, బొంబాయిల పని చేస్తున్నడు. బిడ్డ మొకం గూడ సూడలె, వచ్చేసరికి మట్టి అయిపోయింది. మల్ల వోయిండు. మేస్త్రి ఫోన్ల రోజు గా పాటనే ఇంటున్నడు.”

“నాకు చెప్పలె నువ్వు, హరీ.”

“ఏం చెప్పాలె వదినె.”

“ఇని ఏడుస్తడా?”

“ఏడుస్తడంట.”

“ఏడువనీ. నాకు వస్తలేదు.”

“అక్కా, నేనేం చెయ్యాలె? ఏదన్న చెప్పు.”

“ఇందాక నువ్వు వెట్టినప్పుడు నడిమిట్లకెల్లి మొదలైంది. ముందటిది లేదు.”

“ముందర పాట కాదక్కా. పండవెడుతున్నట్టు ఏదో అంటుంటివి. ఎవరిదో దగ్గు. బాగ లేదని కోసేసిన.”

“ఎవరిదో కాదు. మా లాలిది.”

“అయ్యో…”

“పారేసినవా?”

“లేదు. ఉంది. కంప్యూటర్ల మొత్తం ఉంది అక్కా.”

“గా దగ్గు నాకియ్యి సారు. పాట మీరే ఉంచుకోండ్రి.”