అవ్వ మెడకు తెలిసిన ఊట

"తాతా, ఫోన్‌లో రికార్డు పెట్టినా. నీ బతుకులో నువ్వు సాధించింది ఏందో చెప్పు."

సాధించిందా! అయ్యో అమ్మణ్ణీ, అడిగితే అడిగినావు గాని పెద్దదే అడిగినావు. ఉండు, నోట్లో వక్కాకు ఉంది, ఊసొస్తా... ఆఁ. మేము బాయిలు తవ్వేవాళ్ళం, తెలుసు కదా. ఇప్పుడైతే బోరు బండి వస్తాది, ఒక పూటలో పొడిచి పోతాది. అప్పుడు ఒక బాయి అంటే ఆరు నెలలు. నేను, మా అన్న మునెన్న, ఇంకా ఇద్దరు. నలుగురం నాలుగు మూలల్లో దిగి గడ్డపారతో తవ్వేది. ఎవరి మూలకు వాళ్ళ మోకు. మన్ను తట్టకెత్తి మోకుకు కడితే పైన లాగుతారు, ఆడోళ్ళు నెత్తిన పెట్టుకొని దూరంగా పోసొస్తారు. మొగోనికి రెండు రూపాయలు కూలి, ఆడదానికి ఒకటింబావు... లేదు లేదు, ఒకటే. ఒకటే.

అప్పురం, ఇంకోటి చెప్పాల, మాలో ఒక పద్ధతి. ఎవని గడ్డపారకు ఊట తగులుతాదో, వానికి తోట ఆసామి కొత్త తువ్వాల తలకు చుట్టేది. వేట కోస్తారు, మొదటి విస్తరాకు వానికే. మా అన్నకు ఏడు తువ్వాళ్ళమ్మా! ఏడు! దండెం మీద వరసగా ఆరేసి చూపించేవాడు. నాకు ఒకటీ లేదు. సంతలో ఎవరన్నా అడిగితే మా నాయన ఏమనేవాడో తెలుసా? "పెద్దోడు ఊట మొగోడు. చిన్నోడు... చిన్నోడూ ఉండాడు." ఆ "ఉండాడు" ఉంది చూడు, అది నాకు అన్నం దిగనిచ్చేది కాదు.

అప్పుడు మీ అవ్వ వచ్చింది ఇంటికి. పెండ్లయి రెండు నెలలే. ఒక దినం గంజి తాగుతా ఉంటే చెవిలో అనింది, "తూరుపు మూల మన్ను నిన్నటినుంచి బరువుగా ఉంది. మెడకు చల్లగా తగులుతాది. రేపు నువ్వు ఆ మూల అడుక్కో." కింద మాకేం తెలుస్తాది చెప్పు, చెమటా బురదా అంతా ఒకటే. దినానికి నూరు తట్టలు మోసే మెడకు తెలుస్తాది! నేను నమ్మలేదు. సుమ్మా, ఊరికే చూద్దామని అన్నను అడిగి మూల మార్చుకున్నా. మధ్యాన్నానికి గడ్డపార దిగబడింది. ఫట్టుమని పైకి లేచినాయి నీళ్ళు! మొకమంతా నీళ్ళు! నేను అరిచిన అరుపుకు పైన కట్టేసిన ఎద్దులు బెదిరినాయి.

తువ్వాల చుట్టినారు. "ఎట్ల తెలిసిందిరా?" అని అన్న అడిగినాడు. నేనేమన్నా? "రాయి సద్దు వింటే తెలుస్తాది" అన్నా. అబద్ధం! పచ్చి అబద్ధం! మీ అవ్వ తట్ట పట్టుకొని పక్కనే ఉండాది, అంతా విని మళ్ళా మన్ను మోసేదానికి పోయింది.

మూడేండ్లల్లో ఐదు తువ్వాళ్ళు. పెన్నాగరం దాటి మనుషులు వచ్చేవాళ్ళు నన్ను పిలిచేదానికి. మా నాయన కూడా "మా చిన్నోడు రాయితో మాట్లాడతాడు" అంటా తిరిగినాడు. నాకూ తలకెక్కింది, ఎందుకు దాచేది? నిజంగా నాకే తెలుస్తాదని నేనే నమ్మినా.

అప్పుడు నల్లంపల్లి పక్క ఒక ఆసామి బాయి పట్టినాము. మీ అవ్వ కాన్పుకు పుట్టింటికి పోయింది, మీ నాయన కడుపులో. ఐదు మట్లు దిగినాము, ఐదు నిలువులమ్మా, చుక్క లేదు. "నీవు చెప్పు, ఏ పక్క?" అన్నాడు ఆసామి. నేను రాయికి చెవి పెట్టి... థూ, ఎంత నాటకం! "పడమర" అన్నా. నెల దినాలు నలుగురూ పడమరే పగలగొట్టినాము. ఎండు రాయి. ఆసామి ఎద్దుల్ని అమ్మేసినాడు. ఒకరోజు ఆయన పెండ్లాము చెవుల కమ్మలు తీసి కూలికని అన్న చేతిలో పెట్టింది. బోసి చెవులతో నా తట్టు చూసి, "నీవుండావు కదయ్యా, వస్తాది" అనింది.

అంతలో మీ అవ్వ బిడ్డను ఎత్తుకొని వచ్చింది. బిడ్డకు మూడో నెలే, వద్దంటే వినలేదు. నాలుగు మూలలా కొంచెం కొంచెం తవ్వి పంపినా, రెండు దినాలు మోసింది. పొద్దున్నే నా చెవి దగ్గరికొచ్చి, మామూలుగానే, "ఉత్తరం" అనింది.

అది చెవిలోనే పెట్టుకొని దిగిపోవచ్చు కదా? ఇంకో తువ్వాల! అయినా అందరి ముందరా గట్టిగా చెప్పేసినా. "అన్నా, నాకేం తెలీదు. ఇన్నేండ్లూ చెప్పింది ఇది. ఊట తెలిసేది దీని మెడకు. నేను దొంగ పేరు తిన్నా."

అన్న కాండ్రించి ఊసినాడు. "ఆడదాని మెడ నమ్మి రాయి కొట్టేదా? థూ, నీదీ ఒక మొగతనమా!" మా నాయన ఆ పక్కే తిరగలేదు నెల దినాలు. ఆసామి పెండ్లామే అనింది, "కొట్టండి, కమ్మలు నావి కదా!" అని.

కొట్టినాము. నాలుగో దినం... ఓహోహో! మోకాలి లోతు, నడుము లోతు, మేము పైకి ఎక్కేలోపల గడ్డపారలు మునిగిపోయినాయి! ఆసామి ఏడుస్తా నగుతా తువ్వాల తెచ్చినాడు. నేను దాన్ని తీసుకొని పోయి మీ అవ్వ తలకు చుట్టినా. ఆడదానికి తువ్వాల! అందరూ ఒకటే నగు. మీ అవ్వకు నగు రాలేదు. "నీకేమన్నా పిచ్చా? గట్టు మీద మన్ను అట్లే ఉండాది" అని తిట్టి, ఆ తువ్వాలను విప్పి, గుండ్రంగా చుట్టి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకునింది. నా తట్టు చూసి, "ఊఁ, ఎత్తు" అనింది.

మాలో మొగోడు పెండ్లాము నెత్తికి తట్ట ఎత్తడు, అది ఇంకో ఆడది చేసే పని. నేను ఎత్తినా. తడి మన్నుతో నిండిన తట్ట... అబ్బా, అమ్మణ్ణీ, నడుము పట్టేసింది నాకు! అన్నేండ్లు కిందనే ఉండి నింపి నింపి పంపినానే గాని, అది ఎంత బరువో ఒక్క దినం ఎత్తి చూసినవాణ్ణి కాదు. ఆ దినం పొద్దు మునిగేదాకా ఎత్తినా. నువ్వు అడిగింది ఇదే అయితే, నేను సాధించింది ఇదే.

అదో, లోపలినుంచి నగుతాంది చూడు మీ అవ్వ. సరి, ఆపు దాన్ని. నూరేండ్లు సల్లగుండు కన్నూ. నీకు వచ్చేవాడు నలుగురి ముందర తట్ట ఎత్తేవాడు కావాల...