చెక్క రైలు తలుపు

నా బిడ్డకు చెవులు వినపడవేమోనన్నదే నాకున్న పెద్ద భయం. మొన్న ఆదివారం మా బ్యూనస్ ఎయిర్స్‌లో, ఎప్పుడో పక్కన పెట్టేసిన చెక్క మెట్రో పెట్టెలను సరదాకి మళ్లీ నడిపితే, వాణ్ణి చంకనేసుకుని వెళ్లి తలుపు ముందు నిలబడ్డాను. వెనక నుంచి ఒక అవ్వ అరిచింది.

“ఏం చూస్తున్నావు పిల్లా? పిడి పట్టి లాగు!”

“కొత్త రైళ్లలో అవే తెరుచుకుంటాయిగా, అవ్వా!”

“ఇది వందేళ్లు ఊరిని మోసింది. మన చెయ్యి పడందే ఏనాడూ తెరుచుకోలేదు. మా ఆయనైతే బండి ఆగకముందే లాగేసి దూకేవాడు, వెధవ!”

ఎక్కి కూర్చున్నాం.

“వీడు ఏ చప్పుడుకీ తల తిప్పడు, అవ్వా.”

“మూసుకునేటప్పుడు మాత్రం ఈ తలుపు పెద్ద చప్పుడుతో అదే మూసుకుంటుంది. వీణ్ణి చూడు.”

తలుపు ధడాల్న మూసుకుంది.

“అవ్వా! తిరిగాడు!”

“చప్పుడుకి కాదు, పెట్టె అదిరినందుకేమో. ఉండు, వెనక్కెళ్లి పిలుస్తా. పేరేంటి?”

“ఇలారియో.”

“ఒరేయ్ ఇలారియో! ఇటు చూడరా, దొంగా!”

“నవ్వుతున్నాడు! నిన్నే చూస్తున్నాడు!”

“వీడి చెవులు బంగారం. నీదే పిల్లిపిల్ల గొంతు! భయపడుతూ గొణిగితే ఎవడు తిరుగుతాడే?”

ఆ సంతోషంలో ఆమె పేరడగడం మరిచాను. కాస్త్రో బారోస్ స్టేషను పక్కన రొట్టెల కొట్టు మేడ మీద ఒక్కదాన్నే ఉంటానంది. మీరెవరైనా అటు వెళితే, అవ్వ ఎలా ఉందో ఒకసారి చూసి రండి.