ముందు కట్ట ముట్టుకున్నాయన

ఏంటే అమ్మడూ, ఆ లీజు కాగితంలో తల దూర్చేశావు? లాయరు చదువు కదా, ఎక్కడ ఏ షరతు పెట్టారో వెతుకుతున్నావా? ఆ నాలుగోది చూడు. ఒక పంటకాలం పొలం బీడు పడితే లీజు రద్దు, భూమి తిరిగి సొంతదారులకే. ఆ ముక్కే మా కొంప ముంచబోయింది. ఆ గిన్నె జాగ్రత్త, ఒలుకుతుంది. ఆఁ, ఏం చెప్తున్నా? మా నాన్న. చెరుకు లారీ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ఒక్కతే ఏం చేస్తుంది? మన లబాసా చుట్టుపక్కలంతా చెరుకు నాటేశారు, మా పొలంలో మాత్రం గడ్డి.

భూమి ఇలైసా వాళ్ళ తెగది, ఈ దీవి ముందునుంచీ వాళ్ళదే. తెగకి పెద్ద ఆయనే. కొండంత మనిషి, నవ్వితే మాత్రం పసివాడే. అమ్మ, నూరి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళ కట్ట తీసుకుని ఆయన ఊరెళ్ళింది, నేను కొంగు పట్టుకుని వెనకాలే. కట్ట చాప మీద పెట్టింది. పెట్టింది గానీ నోట మాట లేదు, ఏడుపే. వాళ్ళ పద్ధతి నీకు తెలుసుగా, పెద్ద ఆ కట్ట ముట్టుకున్నాడంటే అడిగింది ఇచ్చినట్టే. మేనల్లుడు సైరుసి గొంతు చించుకున్నాడు. "మామా, ముట్టుకోకు! ఏం కావాలో ముందు చెప్పనీ! ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే పొలం మనదే!" ఇలైసా ఏమన్నాడో తెలుసా? "ఏడుస్తున్న మనిషిని ఇంకేం అడగమంటావురా?" అని రెండు చేతులా కట్ట ఎత్తుకున్నాడు.

తెల్లారేసరికి ఎడ్లతో తెగంతా మా పొలంలో ఉంది. సైరుసి కూడా, మూతి ముడుచుకునే. చెరుకు ముచ్చెలు నాటేశారు. తర్వాత లీజు ఆఫీసరొచ్చి "ఎవరు నాటారు? వీళ్ళాయన మంచం మీదున్నాడుగా?" అన్నాడు. ఇలైసా, "బీడు పడకూడదని రాశారు. ఎవరి చెయ్యి నాటాలో రాశారా బాబూ?" అన్నాడు. ఆఫీసరు యంగోనా తాగి వెళ్ళిపోయాడు. మనం తినే ప్రతి మెతుకూ ఇలైసా చలవేనే. నీ చదువు కూడా.

లీజు గడువు తీరేనాటికి ఇలైసా లేడు. తెగకి పెద్ద ఇప్పుడు సైరుసి. లీజు మళ్ళీ రాసివ్వమని నేనే అడగాలి. ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళా. కట్ట పెట్టి నోరు తెరిచానో లేదో, సైరుసి రెండు చేతులూ దాని మీదున్నాయి. "అడగాల్సింది తర్వాత అడుగు చెల్లీ, ముందు అన్నం తిను" అన్నాడు.

...

ఆ కాగితం లోపల పెట్టు. మబ్బు పట్టింది, ఎండబెట్టిన యంగోనా వేళ్ళు లోపలికి తెచ్చావా లేదా?